ఛాంపియన్ ఎందుకు చేతులెత్తేస్తాడు?

ప్రశ్న: మా తమ్ముడికి 19 ఏళ్లు. కాలేజీ తరఫున బాక్సింగ్ చేస్తాడు. బరువు తూచేముందు రెండు రోజులు తిండీ నీళ్లూ మానేశాడు. పోటీలో రెండో రౌండులో వున్నట్టుండి "నావల్ల కాదు" అని తప్పుకున్నాడు. అంతా పిరికివాడంటున్నారు. వాడు గది దాటి రావడంలేదు. ఇది పిరికితనమా, జబ్బా?
- ఒక సోదరి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందు మీ తమ్ముడికి రాబర్టో డురాన్ సంగతి చెప్పండి. పనామా దేశస్థుడు. "రాతి చేతులవాడు" అని బిరుదు. 1980 జూన్‌లో షుగర్ రే లెనార్డ్‌ను ఓడించి ఛాంపియన్ అయ్యాడు. అదే నవంబరు 25న న్యూ ఆర్లియన్స్‌లో మళ్లీ లెనార్డ్‌తోనే తలపడి, ఎనిమిదో రౌండులో పక్కకు తిరిగి చెయ్యి వూపేశాడు. లోకం నివ్వెరపోయింది.

కడుపులో మెలిపెట్టిందన్నాడు డురాన్. గెలుపు తర్వాత విందులతో వొళ్లు పెంచి, 147 పౌన్లకు హడావిడిగా తగ్గాడనీ, తూకం కాగానే సుష్టుగా తిన్నాడనీ చెబుతారు. లెనార్డ్ వెక్కిరింతలు భరించలేకపోయాడని మరికొందరంటారు. ఒకే మనిషిలో రెండూ వుండవచ్చు. నీరసించిన వొంటికి అవమానం మరీ బరువు.

మన వొంట్లో సగానికి పైగా నీరే. 60 కిలోల మనిషికి లీటరుంపావు నీరు తగ్గితేనే సత్తువ సడలుతుంది. రక్తం పరిమాణం తగ్గుతుంది. గుండె దడదడ కొట్టుకుంటుంది. వేడి బయటికి పోదు. అప్పుడు ఒక్కసారిగా మెక్కితే అరుగుదలకు కడుపూ, దెబ్బలాటకు కండరాలూ ఆ కాస్త రక్తం కోసమే పోటీపడతాయి. ఇక ధైర్యమున్నా కాళ్లు కదలవు. ఇది ప్రాణాల మీదికి కూడా వస్తుంది. 1997 చివర్లో అమెరికాలో ఇలా బరువు తగ్గబోయి ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్లు మరణించారు.

తప్పుకోడానికి ఇతర కారణాలూ వుంటాయి. కుడి పక్కటెముకల కింద, కాలేయం మీద దెబ్బ తగిలితే తెలివి వుండగానే మనిషి కూలబడతాడు. కంటిగూడు ఎముక విరిగితే ఒకటి రెండుగా కనిపిస్తుంది. అన్నిటికన్నా ప్రమాదం తలదెబ్బ. లోపలి రక్తస్రావం కొన్ని గంటల తర్వాత బయటపడవచ్చు. తలనొప్పి పెరగడం, వాంతులు, మగత, తికమక మాటలు, ఫిట్స్, ఒక పక్క బలహీనత - వీటిలో ఏది కనిపించినా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. "పడుకుంటే తగ్గుతుంది" అనుకోవద్దు.

మీ తమ్ముణ్ణి ఒకసారి డాక్టరుకు చూపించి, ఆయన సరేనన్నాకే మళ్లీ ప్రాక్టీసుకు పంపండి. నీళ్లు మానడం, విరేచనాల మాత్రలు, మూత్రం ఎక్కువయ్యే మాత్రలు పూర్తిగా కట్టిపెట్టమనండి. తగ్గాల్సివస్తే కొన్ని వారాల ముందునుంచే, వారానికి అరకిలో చొప్పున తగ్గాలి. మూత్రం ముదురు పసుపుగా వస్తే నీరు చాలలేదన్నమాట. అప్పటికీ బరువు దిగకపోతే పై తరగతిలో పోటీ చేయడమే మేలు.

గదిలోంచి రాకపోవడాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. పక్కన కూర్చుని మాట్లాడించండి. తిండీ నిద్రా లేకుండా రోజులు గడిచినా, బతుకు మీద విరక్తి మాటలు వచ్చినా ఆలస్యం చేయక మానసిక వైద్యునికి చూపండి.

డురాన్‌నూ లోకం పిరికివాడంది. అతను 1983లో ఒకటి, 1989లో మరొకటి ప్రపంచ టైటిళ్లు గెలిచాడు. వొళ్లు "చాలు" అన్నప్పుడు ఆగినవాడికే మళ్లీ బరిలోకి దిగే వీలుంటుంది.