యానిస్‌ను పంపేయకండి

జులై 2025

మిల్వాకీ బక్స్ బాస్కెట్‌బాల్ జట్టు జనరల్ మేనేజర్ జాన్ హోర్స్ట్ గారికి,

యానిస్ అంటెటొకుంపోను ఉంచుకోవాలా, వేరే జట్టుకు ఇచ్చేయాలా అని మన అభిమానులు రెండుగా చీలిపోయారు. మూడేళ్లుగా ప్లేఆఫ్స్ తొలి రౌండ్‌లోనే ఇంటిముఖం పడుతున్నాం. గాయపడ్డ డేమియన్ లిలార్డ్‌ను మీరు వదులుకున్నా, ఆయన జీతం భారం ఐదేళ్లపాటు జట్టు లెక్కల్లో ఉంటుంది. యానిస్‌కు మంచి ధర పలికేది ఇప్పుడేనన్న వాదనను కొట్టిపారేయలేను.

అయినా ఉంచుకోమనే అడుగుతున్నాను. పెద్ద ఆటగాణ్ని పంపి, కొన్నాళ్లు ఓడుతూ, డ్రాఫ్ట్‌లో మంచి కుర్రాణ్ని పట్టుకోవడం మామూలు పద్ధతి. మనకు ఆ దారి లేదు. జ్రూ హాలిడే, లిలార్డ్ కోసం చేసుకున్న ఒప్పందాల్లో 2030 దాకా మన తొలి రౌండ్ ఎంపికలు కొన్ని ఇచ్చేశాం, మిగతావాటిపై మార్పిడి హక్కులు వదులుకున్నాం. మనం ఓడితే బాగుపడేది ఇతరులు.

పెద్ద ఆటగాడు వెళ్లిపోతే ఏమవుతుందో మనకు తెలుసు. 1975లో మన కరీమ్ అబ్దుల్ జబ్బార్ తానే అడిగి లేకర్స్‌కు వెళ్లాడు. 1971 టైటిల్ తర్వాత మనకు మరొకటి రావడానికి 50 ఏళ్లు పట్టింది. దాన్ని తెచ్చింది 2013లో 15వ ఎంపికగా వచ్చిన ఈ గ్రీకు కుర్రాడు యానిసే. 2021 ఫైనల్స్ ఆరో ఆటలో 50 పాయింట్లు! ఫ్రీ త్రోలలో తడబడతాడని ఊరంతా అనుకునే మనిషి ఆ రాత్రి 19కి 17 వేశాడు.

ఆయన మనసులో ఏముందో ఎదురుగా కూర్చుని అడగండి. వెళ్తానంటే గౌరవంగా పంపండి. ఉంటానంటే మాత్రం బేరాలు ఆపి, ఆయన చుట్టూ దూరం నుంచి గురితప్పక వేసేవాళ్లను చేర్చండి.

ఇట్లు,
ఒక బక్స్ అభిమాని