ఇల్లు - వంటిల్లు: ఫ్రిజ్ పచ్చడి వేరు, జాడీ పచ్చడి వేరు



వేసవి వచ్చిందంటే మన ఇళ్లలో కారం కొట్టించడం, ఆవాలు ఎండబెట్టడం, జాడీలు కడిగి బోర్లించడం మామూలే. అయితే ఈ మధ్య చాలామంది గృహిణులు వేరే మాట అంటున్నారు. ఇంట్లో ఉన్నది ఇద్దరమే, పిల్లలు చదువులకు వెళ్లిపోయారు, ఆయనకు బి.పి., డాక్టరుగారు పచ్చళ్లు మానేయమన్నారు, అలాగని పచ్చడి లేకపోతే ఆయనకు ముద్ద దిగదు. ఉప్పు తగ్గించి కొద్దిగా పట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చా అని అడుగుతున్నారు. పెట్టుకోవచ్చు. చాలా తేలిక కూడా. కానీ దానికి కొన్ని హద్దులున్నాయి. అవి తెలియకుండా మొదలుపెట్టకూడదు.

జాడీలో ఆవకాయ ఏడాదిపాటు ఎందుకు నిలుస్తుందో ముందు చూద్దాం. కిలో మామిడి ముక్కలకు మనం సుమారు 200 గ్రాముల ఉప్పు వేస్తాం. అంత ఉప్పు, కాయలో ఉన్న పులుపు, పైన తేలే నూనె, తడి తగలకుండా మనం పడే జాగ్రత్త, ఇవన్నీ కలిసి బూజునూ సూక్ష్మజీవులనూ రానివ్వవు. కారం, ఆవపిండి, నూనె కలిపాక మొత్తం సుమారు రెండు కిలోలవుతుంది. అంటే పదోవంతు ఉప్పే. ఒక పెద్ద చెంచా ఆవకాయ, అంటే ఇరవై గ్రాములు, కలుపుకుంటే అందులో రెండు గ్రాముల ఉప్పు ఉన్నట్టు. పెద్దవాళ్లు రోజు మొత్తం మీద 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కూరలో, చారులో, మజ్జిగలో వేసేది కూడా ఆ లెక్కలోదే. డాక్టర్లు ఎందుకు కోప్పడతారో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఫ్రిజ్ పచ్చడిలో ఉప్పు చేసే పనిలో కొంత చలి చేస్తుంది. అయితే చలి సూక్ష్మజీవులను చంపదు, వాటి పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది, అంతే. అందుకే ఈ పచ్చడికి ఏడాది ఆయుష్షు లేదు. కొన్నిటికి వారం, కొన్నిటికి నెల.

ముందుగా దోసావకాయ చెబుతాను. గట్టిగా ఉన్న పచ్చ దోసకాయలు తీసుకోండి. కడిగి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, అప్పుడే కోయండి. ప్రతి కాయా రుచి చూడాలి, ఒక్క చేదు కాయ పడితే సీసా అంతా పాడే. గింజలు, లోపలి నీరు తీసేసి చెక్కుతోనే చిన్న ముక్కలు చేసుకోండి. అరకిలో ముక్కలకు 50 గ్రాముల కారం, 50 గ్రాముల ఆవపిండి, 30 గ్రాముల ఉప్పు, చిటికెడు పసుపు, రెండు పెద్ద నిమ్మకాయల రసం, అరపావు నూనె. నూనె కాచి పూర్తిగా చల్లార్చాకే పోయండి, వేడి నూనె పోస్తే ఆవఘాటు పోతుంది. అన్నీ కలిపి గాజు సీసాలోకి ఎత్తి ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాటికి ముక్క ఊరి నీరు వదులుతుంది, ఆవఘాటు ముక్కుకు తగులుతుంది. లెక్క చూస్తే దీనిలో పెద్ద చెంచాకు ఒక గ్రాము లోపే ఉప్పు. బి.పి. ఉన్నవారు ఇది కూడా చెంచాతోనే ఆగాలి, గరిటెతో కాదు!

నిమ్మరసం ఎందుకని అడగకండి, అది రుచి కోసం మాత్రమే కాదు. మామిడికి పులుపు పుట్టుకతో ఉంది, దోసకాయకు లేదు. ఉప్పు తగ్గించినప్పుడు పులుపైనా ఉండాలి. వారం రోజుల్లో అయిపోయేటట్టు పట్టుకోండి.

వెల్లుల్లి లేనిదే పచ్చడేమిటని కొందరంటారు. వేసుకోండి, కానీ పచ్చి వెల్లుల్లి నూనెలో వేసిన పచ్చడిని బయట ఉంచవద్దు. మట్టిలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి వెల్లుల్లిని అంటిపెట్టుకుని రావచ్చు. గాలి తగలని చోట, పులుపు చాలని చోట అది విషం పుట్టిస్తుంది. నూనె చేసే పని గాలిని ఆపడమే కదా! ఆ విషానికి వాసనా ఉండదు, రుచీ ఉండదు. “వాసన చూశానమ్మా, బాగానే ఉంది” అన్న మాట ఇక్కడ పనికిరాదు.

రెండోది వెనిగర్ పచ్చడి. వెనిగర్ అంటే కొత్త సంగతేమీ కాదు, మన తెలుగు బైబిల్లో చిరక అని ఉన్నది అదే. బోయజు పొలంలో రూతు తన ముక్కను ముంచుకుని తిన్నది అందులోనే. పరిగె ఏరుకునే మనిషికి మధ్యాహ్నపు ఎండలో ఆ పులుపు ఎంత హాయిగా ఉండి ఉంటుందో పొలం పనికి వెళ్లేవారికి చెప్పక్కర్లేదు.

పావుకిలో క్యారట్, ఒక చిన్న కాలీఫ్లవర్, నాలుగు పచ్చిమిరపకాయలు, అంగుళం అల్లం ముక్క తీసుకోండి. కాలీఫ్లవర్‌ను ఉప్పు వేసిన వేడినీళ్లలో కాసేపు ఉంచితే పురుగులుంటే బయటపడతాయి, తర్వాత నీరంతా వాడ్చండి. స్టీలు గిన్నెలో గ్లాసున్నర వెనిగర్, అరగ్లాసు నీళ్లు, రెండు చిన్న చెంచాల ఉప్పు, రెండు చెంచాల పంచదార, కొన్ని ఆవాలు వేసి ఒక పొంగు రానివ్వండి. ఇత్తడి, రాగి, అల్యూమినియం గిన్నెలు వద్దు, పులుపు వాటిని తింటుంది. సీసాను వేడినీళ్లతో తొలిచి గుడ్డ మీద పెట్టి ముక్కలు నింపి, పైన ఈ నీరు పోయండి. ముక్కలు పూర్తిగా మునగాలి. చల్లారాక ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజుల్లో తినవచ్చు, మూడు నాలుగు వారాలు ఉంటుంది. సీసా మీద రాసింది చూసి 4 శాతం కన్నా తక్కువ ఉన్న వెనిగర్ కొనకండి. పులుపు ఎక్కువైందని ఇంకో గ్లాసు నీళ్లు కలిపేవారున్నారు, అలా చేస్తే నిలువ ఉండదు. పులుపు విరగాలంటే పంచదార వేయండి.

మామిడి తురుములో ఉప్పు, కారం, మెంతిపిండి కలిపి తాలింపు పెట్టే పచ్చడి అందరికీ తెలిసిందే. అది కూడా ఫ్రిజ్‌లో వారం పది రోజులు ఉంటుంది.

ఇక కరెంటు సంగతి. తలుపు తీయకుండా ఉంటే ఫ్రిజ్‌లో చలి సుమారు నాలుగు గంటలు నిలుస్తుంది. వేసవిలో మన ఊళ్లలో కోత అంతకన్నా ఎక్కువున్న రోజులుంటాయి కాబట్టి ఆ నెలల్లో సగం కొలతతోనే పట్టుకోండి. రోజంతా కరెంటు లేకపోతే దోసావకాయ పారేయడమే మేలు. వెనిగర్ పచ్చడి కొంత తట్టుకుంటుంది. బిల్లు తగ్గుతుందని రాత్రిళ్లు ఫ్రిజ్ కట్టేసేవారు ఈ పచ్చళ్ల జోలికి పోవద్దు. వారు ఏ పూటకాపూట రోటి పచ్చడి చేసుకోవడమే మంచిది, దానికన్నా రుచైనది నాకైతే కనబడదు. సీసాను ఫ్రిజ్ తలుపులో పెట్టకండి, తీసి వేసేటప్పుడు ముందు వేడెక్కేది అదే. లోపలి అరలో వెనక్కి పెట్టండి. తడి చెంచా, ఎంగిలి చెయ్యి పెట్టకూడదని వేరే చెప్పాలా?

ముఖ్యమైన మాట ఇంకొకటి. ఉప్పు తగ్గించిన ఈ పచ్చడిని హాస్టల్లో ఉన్న పిల్లలకు కట్టి పంపకండి. బస్సులో అయిదారు గంటలు, తర్వాత ట్రంకుపెట్టెలో నెల రోజులు! పిల్ల కడుపునొప్పితో పడుకుంటే చూసేదెవరు? వారికి పంపవలసింది ఉప్పూ నూనే పూర్తిగా పడిన జాడీ ఆవకాయ, గోంగూర నిలవ పచ్చడి, లేదా తడిలేని కందిపొడి. చిన్న వయసు కాబట్టి వారేమైనా తినవచ్చని కాదు. పొదుపుగా వేసుకోమని చెప్పి పంపండి.

వెనిగర్ పచ్చడి అయిపోయాక మిగిలిన నీటిలో కొత్త ముక్కలు వేసి మళ్లీ నిలవ పెట్టవద్దు. పాత ముక్కలు వదిలిన నీటితో దాని పులుపు అప్పటికే పలచబడి ఉంటుంది. అందులో ఉల్లిపాయ చక్రాలు వేసి ఆ పూటే కోడికూర పక్కన వడ్డించుకోండి.