పార పట్టిన చేతికి పత్రమూ కావాలి

గూడూరు పేరు చెప్పగానే నిమ్మకాయల మార్కెట్టు, అభ్రకం గనులు, రైల్వే జంక్షను గుర్తుకు వస్తాయి. పిల్లలు ఆడుకునే చోటు ఏదని అడిగితే మాత్రం జవాబుకు తడుముకోవలసి వస్తుంది. సముద్రపు గాలి కావాలంటే తూపిలిపాలెం దాకా ప్రయాణం కట్టాలి. ఇరుకు వీధులలో కాపురముండే మన కుటుంబాల స్త్రీలకు, వృద్ధులకు సాయంకాలపు విశ్రాంతి ఇంటి గడప దగ్గరే ముగుస్తున్నది.

ఇటువంటి పట్టణాలలో యువకులు సెలవు రోజున పార, తట్ట పట్టుకొని, ముళ్ళకంపలు కొట్టి, చెత్త ఎత్తి, వేప, కానుగ మొక్కలు నాటి ఒక ఖాళీ స్థలాన్ని ఉద్యానవనంగా తీర్చాలనుకోవడం అభినందనీయం. దారిలోని ముల్లు తీయడాన్ని, పక్షికి పండునిచ్చే చెట్టు నాటడాన్ని దానంగా ఎంచిన సంప్రదాయం మనది. ఆ ఉత్సాహానికి అడ్డు చెప్పడం మా ఉద్దేశం కాదు. మొక్క నాటే ముందు ఆ నేల ఎవరిదో తేల్చుకొమ్మన్నదే మా మనవి.

ఆంధ్రప్రదేశ్ 2017 లేఅవుట్ నిబంధనల ప్రకారం స్థల విస్తీర్ణంలో కనీసం 10 శాతం ఖాళీగా విడిచి స్థానిక సంస్థకు ఉచితంగా అప్పగించాలి. కాగితం మీది ఆ స్థలం నేలమీద కనిపించకపోవడం చాలా ఊళ్ళలో ఉన్న వ్యథే. ముళ్ళపొదగా ఉన్నంతకాలం ఎవరి కన్నూ పడని నేల, చదునై పచ్చబడిన మర్నాడే హక్కుదారులను పుట్టిస్తుంది. అందుచేత లేఅవుట్ నక్షా నకలును, అప్పగింత పత్రాన్ని ముందుగా సంపాదించాలి. అడిగితే ఇవ్వని చోట 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉన్నది. పురపాలక సంఘం చేత కొలిపించి హద్దురాళ్ళు వేయించాలి. బెంగుళూరులో ఉద్యానవనానికి ఉద్దేశించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి కేటాయించినప్పుడు అక్కడి నివాసులే కోర్టుకెక్కారు. ఆ కేటాయింపు చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. లక్నోలోని అమీనాబాద్ పార్కు కింద కట్టిన బజారును కూల్చి, పార్కును పార్కుగా నిలపాలని 1999లో అదే న్యాయస్థానం ఆదేశించింది. ఆ నివాసుల చేతిలో ఉన్నది పత్రాలే.

ఇక మనకు చేదుగా తోచే మాట ఒకటి. పార్కు సిద్ధం కాగానే ఒక మూలన చిన్న నమాజు గది, రోడ్డు వైపు నాలుగు దుకాణాలు కడితే బాగుండునన్న ఆలోచన మనలోనూ కలుగుతుంది. బహిరంగ స్థలాలలో, పార్కులలో అనుమతి లేని ప్రార్థనా కట్టడాలు ఏ మతం పేరనా రాకూడదని 2009 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఒక మూల మనం తీసుకుంటే, రెండవ మూల అడిగేవారిని కాదనే నోరు మనకుండదు. నెల్లూరులో స్వర్ణాల చెరువు గట్టున రొట్టెల పండుగకు అన్ని మతాలవారూ బారాషహీద్ దర్గాకు వస్తారు. కలసి కూర్చోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. పార్కు గేటు కూడా అందరికీ తెరిచే ఉండాలి. (శిలాఫలకం మీది పేర్లు మొక్కలకంటే వేగంగా పెరగకుండా చూసుకోవడం మరొక అవసరం.)

సేవ చేస్తున్నామన్న తృప్తిలో హక్కును మరచిపోవడం ఇంకొక ప్రమాదం. ముస్లిముల నివాస ప్రాంతాలకు పౌర సదుపాయాలు అరకొరగా అందుతున్నాయని సచార్ కమిటీ 2006లోనే నివేదించింది. యువకులు చెమటోడ్చి చేసిన పని, పురపాలక సంఘం తన బాధ్యతను దించుకునేందుకు సాకు కాకూడదు. శ్రమ మనది, నీటి కుళాయి, దీపాలు, ప్రహరీ, మరుగుదొడ్డి, కావలి మనిషి పన్నులు పుచ్చుకునే సంస్థవి. మరుగుదొడ్డి, దీపం లేని పార్కుకు స్త్రీలు రారు. స్త్రీలు రాని పార్కు కొద్దినాళ్ళలో పేకాటరాయుళ్ళ పాలవుతుంది.

కనుక పార ఎత్తే ముందు వార్డులోని తల్లులను, అక్కచెల్లెళ్ళను పిలిచి వారికేమి కావాలో అడిగి రాసుకోండి. ఆ అర్జీపై మొదటి సంతకాలు వారివై ఉండాలి. ఇరుగుపొరుగు హిందూ, క్రైస్తవ కుటుంబాల సంతకాలూ చేర్చి, నక్షా నకలు జతపరచి కమిషనరుకు ఇచ్చి, అందినట్లు రసీదు తీసుకోండి. మొక్కలకు గుంటలు ఆ తరువాత తవ్వవచ్చు.