కంప్యూటర్ మెమొరీ - వేగమెంత? వెల ఎంత?

కంప్యూటర్ల మీద మోజున్న మిత్రులు మన కాలేజీలో తక్కువేమీ లేరు. ప్రాసెసర్ ఏది మంచిదని అడిగితే సగం క్లాసు లేచి జవాబు చెబుతుంది. ఐతే మెమొరీ మాటకొచ్చేసరికి అందరి నోటా ఒకటే అంకె - “ఆరువేలది తీస్కో, కండ్లు మూసుకొని తీస్కో!” కండ్లు మూసుకొని కొనే స్తోమత మనలో ఎందరికున్నది? నా మట్టుకు నేను బాపు వడ్లు అమ్మిన పైసలతో చదువుకుంటున్నవాణ్ణి. ఒక్క అంకెను నమ్మి డబ్బు పెట్టడం సైన్సు విద్యార్థులకు తగదని నా అభిప్రాయం.

అసలు ఆ ఆరువేలు ఏమిటి? దుకాణంలో మెగాహెర్ట్జ్ అంటారు. నిజానికి లోపలి గడియారం 3000 మెగాహెర్ట్జ్‌తోనే నడుస్తుంది. ఒక్కో ఊపుకు రెండుసార్లు సమాచారం పోతుంది గనుక 6000 అని రాస్తారు. డి.డి.ఆర్. అన్న పేరులోని ‘డబుల్’ అదే.

పోనీ, ఇది వేగంలో ఒక పక్క మాత్రమే. గనిలో బొగ్గు బెల్టు మీద పైకి వస్తుంది గదా! గంటకు ఎన్ని టన్నులు వస్తుందన్నది ఒక ప్రశ్న. స్విచ్చి వేసినాక మొదటి పెళ్ళ ఎప్పుడు బయటపడుతుందన్నది వేరే ప్రశ్న. మెమొరీలో ఈ రెండోదానికి జవాబు సి.ఎల్. అనే అంకెలో ఉంటుంది. దాన్ని 2000తో గుణించి, వేగపు అంకెతో భాగిస్తే నానోసెకండ్లు వస్తాయి. పాత డి.డి.ఆర్.4లో 3200 వేగం, సి.ఎల్. 16 అయితే 10 నానోసెకండ్లు. కొత్త డి.డి.ఆర్.5లో 6000 వేగం, సి.ఎల్. 30 అయినా సరిగ్గా పదే! అదే ఆరువేలది సి.ఎల్. 40 అయితే 13 దాటుతుంది. ఒకే పేరు మీద రెండు రకాల సరుకు అమ్ముడుపోతున్నదన్నమాట. కొత్తది దాదాపు రెండింతలు మోస్తుందన్నది వాస్తవమే. మొదటి పెళ్ళ మాత్రం తొందరగా రాదు.

ఇందుకు కారణం మన ఎలక్ట్రానిక్స్ పాఠంలోనే ఉన్నది. 1968లో ఐ.బి.ఎం. శాస్త్రజ్ఞుడు రాబర్ట్ డెన్నార్డ్ పేటెంటు పొందిన ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్ అమరికే నేటికీ ఆధారం. కెపాసిటర్‌లోని కొద్దిపాటి విద్యుత్తు ఓటికుండలో నీళ్ళలా కారిపోతుంటే మళ్ళీ మళ్ళీ నింపాలి. డి.డి.ఆర్.4లో 64 మిల్లీసెకండ్లకొకసారి. చిప్పు వేడి 85 డిగ్రీలు దాటితే 32కే.

వేడి అన్నాను గనుక ఒక మాట. 6000 వేగం చాలా స్టిక్కులకు పుట్టుకతో వచ్చింది కాదు. డి.డి.ఆర్.5 ప్రమాణ వోల్టేజి 1.1 అయితే, బయోస్‌లో ఎక్స్.ఎం.పి. ఆన్ చేసి, తరచు 1.35 దాకా పెంచి దాన్ని ఉరికిస్తారు. ఏసీ గదిలో పరీక్షించి ఇచ్చిన మార్కులు మే నెల రామగుండం ఎండలో, రేకుల కింద నిలుస్తాయా? మెమొరీ తప్పు ప్రతిసారీ యంత్రాన్ని ఆపదు. చప్పుడు లేకుండా ఫైలును చెడగొట్టి ఊరుకుంటుంది. అందుకే కొన్న వారంలోనే, మంచి ఎండపూట, మెమ్‌టెస్ట్86 నాలుగు సుట్లు నడిపి చూడాలి. ఒక్క తప్పు వచ్చినా వేగం తగ్గించుకోవాలి, లేదా వాపసు ఇయ్యాలి. రంగురంగుల దీపాలకు పెట్టే పైసల గురించి నేను మాట్లాడను. పెళ్ళి పందిరికి బాగుంటాయి.

గ్రాఫిక్స్ కార్డు కొనలేని మనబోటివాళ్ళకు అసలు లాభం రెండు స్టిక్కుల్లో ఉన్నది. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ ఇదే మెమొరీని వాడుకుంటుంది గనుక ఒక 16 గిగాబైట్ల స్టిక్కుకు బదులు రెండు 8వి వేస్తే బెల్టులు రెండవుతాయి. 3200 డి.డి.ఆర్.4లో సెకనుకు 25.6 గిగాబైట్లు కాస్తా 51.2 అవుతుంది. ఏ ఖరీదైన స్టిక్కూ ఒంటరిగా అంత తేడా తేలేదు.

2025 చివరిలో కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీతో మెమొరీ ధరలు ఎట్లా ఎగబాకాయో కొనబోయినవారికి తెలుసు. ఆ డిసెంబరులోనే మైక్రాన్ కంపెనీ, మామూలు కొనుగోలుదారులకు ‘క్రూషల్’ పేరుతో అమ్మే వ్యాపారం మానుకుంటున్నట్టు ప్రకటించింది. ఇట్లాంటి కాలంలో ఒక్కరు అప్పు చేసి ఖరీదైన జత కొనుక్కోవడం కంటే, నలుగురు వాడే యంత్రాల్లో ఖాళీగా ఉన్న రెండో గాడి నింపడం మేలు. విద్యార్థి సంఘం నిధిలో కొంత దీనికి కేటాయించాలని నా మనవి. ఏ యంత్రానికి ఏ రకం, ఎంత సి.ఎల్. సరిపోతుందో పట్టిక తయారుచేసే పని నేనూ, నా క్లాసువాళ్ళిద్దరూ చేస్తాం.