దస్తావేజు మనది, హక్కు ఎవరిది?

న్యూఢిల్లీ: ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఒకరు కట్టిన ఇంటిని కొని చూడమని మాత్రం వారు అనలేదు. ఆ కష్టం ఎలాంటిదో 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు చెప్పింది. బీహారు నుంచి వచ్చిన ఒక కేసులో తీర్పునిస్తూ, స్థిరాస్తి కొనుగోలు మన దేశంలో సామాన్యునికి మానసిక క్లేశంగా పరిణమించిందని న్యాయమూర్తులు ఆవేదన వెలిబుచ్చారు. సివిలు వ్యాజ్యాలలో సుమారు 66 శాతం స్థిరాస్తి తగాదాలేనన్న అంచనాను కూడా వారు ప్రస్తావించారు.

వివాదం ఇది. అమ్మేవాని పేర జమాబందీగాని, మునిసిపల్ హోల్డింగుగాని ఉన్నట్లు రుజువు చూపనిదే క్రయపత్రాన్ని రిజిస్టరు చేయనక్కరలేదని బీహారు ప్రభుత్వం 2019లో ఒక నిబంధన తెచ్చింది. మోసాలను అరికట్టాలన్న ఉద్దేశాన్ని ఎవరూ తప్పు పట్టలేరు. కాని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం అట్టి అధికారం ఇవ్వలేదంటూ కోర్టు ఆ నిబంధనను కొట్టివేసింది. అదే సంవత్సరం ఏప్రిలులో తమిళనాడు నిబంధన ఒకటి దాదాపు ఇదే కారణంపై చెల్లకుండా పోయింది.

ఈ తీర్పుల తాత్పర్యం న్యాయవాదులకు కొత్త కాదు. ఇల్లు కొనేవారిలో పెక్కుమందికి మాత్రం నేటికీ తెలియదు. సబ్ రిజిస్ట్రారు దస్తావేజును నమోదు చేస్తాడు. అమ్మేవానికి అమ్మే హక్కు ఉన్నదా లేదా అని తీర్పు చెప్పడు. ప్రభుత్వం స్టాంపు సుంకం వసూలు చేస్తుంది, ముద్ర వేస్తుంది, నకలు భద్రపరుస్తుంది. ఆ ఇల్లు మీదేనని హామీ మాత్రం ఇవ్వదు. రేపు అసలు హక్కుదారు కోర్టుకెక్కితే కట్టిన సుంకం తిరిగి రాదు, ముద్ర సాక్ష్యం చెప్పదు.

ఈ విషయంలో ఇంగ్లండుతో పోల్చి చూడడం ఉపయోగకరం. అక్కడ భూమి రిజిస్టరులో పేరు చేరితే యాజమాన్యానికి ప్రభుత్వమే పూచీ పడుతుంది. రిజిస్టరులో పొరపాటువల్ల నష్టం కలిగితే పరిహారం చెల్లిస్తుంది. అయినప్పటికీ అక్కడ ఇల్లు కొనేవారు సాధారణంగా ఒక సొలిసిటరునో, 1985 చట్టం తర్వాత ఆ వృత్తిలోకి వచ్చిన లైసెన్సుదారునో నియమించుకుంటారు. ఒప్పందానికి కట్టుబడక ముందే అతడు రికార్డులు వెదుకుతాడు, స్థానిక సంస్థను విచారిస్తాడు, అమ్మేవారికి ప్రశ్నలు పంపుతాడు. ప్రభుత్వ పూచీ ఉన్నచోట ఇంత జాగ్రత్త. ఏ పూచీ లేని మనదేశంలో మనం దస్తావేజు లేఖరిని, ఇద్దరు సాక్షులను వెంటబెట్టుకొని బయలుదేరుతాము. లేఖరి పనితనాన్ని చిన్నబుచ్చడం ఇక్కడ ఉద్దేశం కాదు. పత్రం రాయడం అతని విద్య, హక్కును పరీక్షించడం కాదు.

ఈ తేడా ఎంత ఖరీదైనదో రాజధానిలో చూడవచ్చు. ఈ విలేఖరి ఎరిగిన ఒక తెలుగు పెద్దమనిషి కేంద్ర ప్రభుత్వ కొలువులో దశాబ్దాలు గడిపి, పదవీ విరమణకు ముందు తూర్పు ఢిల్లీలోని ఒక కాలనీలో రెండు గదుల ఇల్లు కొన్నారు. క్రయపత్రం లేదు. అమ్మకం ఒప్పందం, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, ఒక వీలునామా, డబ్బు ముట్టిన రసీదు, ఇంతే. న్యాయవాదిని సంప్రదించరాదా అని మిత్రులు అంటే, "ఇక్కడ అందరూ ఇట్లాగే కొంటున్నారండీ, వకీలుకు ఫీజు దండగ" అన్నారు. ఇప్పుడు దానిని అమ్మి కాకినాడ చేరాలని ఆయన సంకల్పం. కొనవచ్చినవారి న్యాయవాది కాగితాలు చూసి, "ఇల్లు మీ స్వాధీనంలో ఉంది, సరే, హక్కు మీకు ఎప్పుడు వచ్చింది?" అని అడిగాడు. అమ్మినాయన కాలం చేసి చాలా ఏండ్లయింది. ఆయన వారసులు సంతకానికి వెల అడుగుతున్నారు.

అందరూ అట్లాగే కొన్నమాట నిజం. ఢిల్లీ అభివృద్ధి సంస్థ ఇచ్చిన ఆస్తులు పెక్కు లీజు ఆస్తులు. చేతులు మారాలంటే సంస్థ అనుమతి కావాలి, పెరిగిన విలువలో వాటా కట్టాలి. అనధికార కాలనీలలోనైతే రిజిస్ట్రేషనుకే దారి ఉండేది కాదు. ఆ చిక్కులను తప్పించుకోవడానికే పవర్ ఆఫ్ అటార్నీ అమ్మకాలు వ్యాపించాయి. ఇట్టి పత్రాల వల్ల యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చి చెప్పింది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం రిజిస్టరయిన క్రయపత్రమే మార్గమన్నది. ఆ తీర్పు మిగిల్చిన చిక్కును విప్పడానికి పార్లమెంటు 2019 శీతకాల సమావేశంలో ప్రత్యేక చట్టం చేసింది. ఢిల్లీలోని 1,731 అనధికార కాలనీల నివాసులు తమ వద్దనున్న ఈ కాగితాల ఆధారంగానే హక్కు గుర్తింపు కోరవచ్చునన్నది. మన పెద్దమనిషికి మిగిలిన ఆశ అదే. అది ఆయన కొనుగోలు జాగ్రత్త ఫలం కాదు, పార్లమెంటు దయ.

తెలుగు రాష్ట్రాలలోని పాఠకులు ఇది ఢిల్లీ వారి గొడవ అనుకోరాదు. మన వద్ద ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్టు శుభ్రంగా ఉంటే చాలునన్న భ్రమ బలంగా ఉంది. ఆ పత్రం రిజిస్టరయిన లావాదేవీలనే చూపుతుంది. రిజిస్టరు కాని వీలునామా, నోటిమాటగా జరిగిన పంపకం, కోర్టులో నడుస్తున్న దావా అందులో కనిపించకపోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి, దేశమంతటా 2005 నుంచి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెలకు జన్మహక్కు లభించింది. అన్నదమ్ములు మాత్రమే సంతకాలు చేసిన క్రయపత్రం ఆడపడుచుల హక్కును తుడిచివేయదు. పేదలకిచ్చిన అసైన్డు భూమి అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది; ఆ భూమిపై లేచిన ఇల్లు ఎంత అందమైనదైనా పునాది బలహీనమే.

కొనుగోలుదారు న్యాయవాది చేయవలసిన పని ఇదే. కనీసం 30 ఏండ్ల లింకు దస్తావేజులను వరుసగా పేర్చి, గొలుసు ఎక్కడ తెగిందో చూడడం. వారసుల పట్టికను, నిషేధిత జాబితాను, కోర్టు రికార్డులను, పన్ను బకాయిలను పరిశీలించడం. హక్కు పత్రాలను బ్యాంకులో ఉంచి అప్పు తెచ్చారేమోనని 2011లో నెలకొన్న కేంద్ర తాకట్టు రిజిస్టరులో వెదకడం. అసలు దస్తావేజు కంట చూడనిదే బయానా ఇవ్వవద్దని చెప్పడం. బయానా ఇచ్చిన తర్వాత వచ్చే సలహా వైద్యం కాదు, పోస్టుమార్టం.

ఇంకొక సంగతి విస్మరించరాదు. బిల్డరు చూపించే న్యాయాభిప్రాయం బిల్డరు కొనుక్కున్నది. బ్యాంకు న్యాయవాది బ్యాంకు అప్పుకు కావలి, మీ ఇంటికి కాదు. మీరు ఫీజిచ్చి నియమించుకున్నవాడే మీకు బాధ్యుడు. నిర్మాణంలో ఉన్న ఇండ్లను బిల్డరు వద్ద కొన్నవారికి హక్కు లోపం బయటపడితే పరిహారం కోరే వీలును 2016 నాటి రెరా చట్టం కల్పించిన మాట వాస్తవం. పాత ఇల్లు ఒక గృహస్థు నుంచి మరొకరు కొన్నప్పుడు ఆ రక్షణ వర్తించదు.

అయితే ప్రతి కొనుగోలుదారూ సొంత ఖర్చుతో ముప్పై ఏండ్ల చరిత్ర తవ్వవలసిందేనా? ఇది రాజకీయ ప్రశ్న. హక్కుకు ప్రభుత్వమే పూచీ పడాలన్న లక్ష్యంతో ఆంధ్రప్రదేశ్ 2022లో టైటిలింగ్ చట్టం చేసింది. సివిలు కోర్టుల స్థానే అధికారుల చేతికి హక్కు నిర్ణయం పోతున్నదని న్యాయవాదులు విధులు బహిష్కరించారు. 2024 ఎన్నికలలో అది ప్రధానాంశమయింది; ప్రభుత్వం మారిన వెంటనే చట్టం రద్దయింది. భయాలు నిరాధారమని అనలేము. తప్పుల తడక రికార్డులకు పూచీ ముద్ర వేస్తే అన్యాయమే శాశ్వతమవుతుంది. కాని రద్దుతో సమస్య తీరలేదు, 1908కి తిరిగి వచ్చింది. 2025 మేలో కేంద్రం ప్రకటించిన కొత్త రిజిస్ట్రేషను బిల్లు ముసాయిదా కాగితాన్ని కంప్యూటరుకు ఎక్కిస్తుంది, ఒప్పందాలను, పవర్ ఆఫ్ అటార్నీలను నిర్బంధ నమోదు కిందికి తెస్తుంది. అదీ దస్తావేజు నమోదే, హక్కు నమోదు కాదు.

సుంకం పుచ్చుకునే ప్రభుత్వం పూచీ కూడా పడవలసిన రోజు రావాలి. ముందుగా సర్వేలు, రికార్డులు సరికావాలి. అది ఒక ఎన్నికలో తేలే పని కాదు. అందాకా ఇల్లు కొనేవారికి మిగిలిన రక్షణ, తాము నియమించుకున్న న్యాయవాది అడిగే కటువైన ప్రశ్నలే. అమ్మేవారు ఆ ప్రశ్నలకు నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. ఆనాడు మన పెద్దమనిషి ఆదా చేసుకున్న ఫీజు ఎంతో ఇప్పుడు ఆయనకే గుర్తు లేదు. వారసులు అడుగుతున్న మొత్తం మాత్రం కంఠోపాఠంగా చెబుతున్నారు.