అభిమానవతి

తెలుగులో ‘అభిమానం’ అనే మాటకు రెండర్థాలున్నాయి. ‘ఆయనంటే నాకెంతో అభిమానం’ అంటే ప్రేమ. ‘ఆవిడ అభిమానం గల మనిషి’ అంటే పౌరుషం. ప్రేమకీ పౌరుషానికీ ఒకే మాట వాడుకునే జాతికి చారిత్రక ప్రేమ నవలలు నచ్చకపోతేనే ఆశ్చర్యం. ఆ నవలల్లో కథానాయిక పడే అవస్థంతా ఈ రెండర్థాల మధ్యే కదా! మొదటి అభిమానం దక్కాలి, రెండో అభిమానం చెడకూడదు.

ఈ నాయిక మనకు కొత్తగా వచ్చింది కాదు. నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’లో సత్యభామ ఏం చేసింది? పువ్వు సవతికిచ్చాడని అలిగింది. బతిమాలుకోవడానికి వచ్చి పాదాల మీద వాలిన కృష్ణుణ్ణి ఎడమకాలితో తన్నింది. అయిదొందల ఏళ్లుగా ఆ ఘట్టం చదివి తెలుగువాళ్లు మురిసిపోయారే తప్ప ‘ఇదేం ఆడది’ అన్నవాళ్లు తక్కువ. కూచిపూడి భామాకలాపంలో ఇప్పటికీ ఆ జడ విసురుకే చప్పట్లు. పక్కింటి కోడలు మొగుడి మాటకు ఎదురు చెప్తే మాత్రం నోరు నొక్కుకుంటాం. పౌరుషం పురాణంలో ఉంటే ముద్దు, పక్కింట్లో ఉంటే రద్దు!

చారిత్రక నవల కిటుకు సరిగ్గా ఇదే. అడవి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’ చూడండి. పెళ్లి జరగబోతుండగా వరుణ్ణి గన్నారెడ్డి ఎత్తుకుపోతాడు. అలా పెళ్లి ఆగిపోయిన అన్నాంబిక ‘నా బతుకు ఇంతే’ అని మూల కూర్చోదు. ఓరుగల్లు చేరి రుద్రమదేవి పక్కన నిలబడుతుంది. పెళ్లి చెడిన పిల్లని గడప దాటనివ్వని రోజుల్లో వచ్చిన నవల అది. అదే కథ సమకాలీన సంసారంలో జరిగినట్టు రాస్తే ఎన్ని ఇళ్లలోకి రానిచ్చేవారు? పదమూడో శతాబ్దం, కాకతీయ సామ్రాజ్యం, కోటగోడలు, గుర్రపు డెక్కలు... ఇన్ని తెరలు అడ్డుంటే ఇంట్లో పెద్దలకి అనుమానం రాదు. ‘చరిత్ర చదువుకుంటోంది’ అనుకుంటారు. పిల్ల మాత్రం కాదనడం ఎలాగో నేర్చుకుంటూ ఉంటుంది.

నోరి నరసింహశాస్త్రి ‘రుద్రమదేవి’, విశ్వనాథ ‘ఏకవీర’, మల్లాది వసుంధర ‘తంజావూరు పతనం’... ఇవన్నీ మధ్యాహ్నం పనులయ్యాక, పిల్లలు బడి నుంచి వచ్చేలోగా దొరికే ఆ కాస్త సమయంలో చదివిన పుస్తకాలే. అద్దె పుస్తకాల షాపులో రోజుకింతని కట్టి తెచ్చుకుని, రేపటిలోగా తిరిగివ్వాలని దీపం పెట్టుకు మరీ చదివినవాళ్లున్నారు. 1960ల్లో యద్దనపూడి సులోచనారాణి వచ్చి ఆ రాకుమారి తలమీద కిరీటం తీసేసి, చేతికి హ్యాండుబ్యాగు ఇచ్చింది. ‘సెక్రటరీ’ జయంతికి కోట లేదు, సైన్యం లేదు. ఆత్మాభిమానం ఒక్కటే ఉంది. రాజశేఖరం డబ్బుకీ హోదాకీ అది లొంగలేదు. ఇంగ్లీషువాళ్లకి 1813లో జేన్ ఆస్టెన్ ఇచ్చిన ఎలిజబెత్ కూడా ఈ వరసదే. ఏటా పదివేల పౌన్ల ఆదాయం ఉన్నవాడు పెళ్లాడతానంటే మొహం మీదే వద్దు పొమ్మంది!

‘పగటికలలు’ అని వీటిని తేలిగ్గా తీసిపారేసిన విమర్శకులు చాలామంది. కలలే, కాదనం. కానీ ఆ కలలో పాఠకురాలు కోరుకున్నది ఆరడుగుల హీరో ఒక్కణ్ణే కాదు. ‘నేను ఒప్పుకుంటేనే’ అనే హక్కు కూడా. పెళ్లిచూపుల్లో తల వంచుకుని కూర్చుని, ‘పిల్ల నచ్చింది’ అనే కబురు కోసం ఎదురుచూసిన తరానికి, నచ్చాల్సింది తనకి కూడా అని చెప్పిన మొదటి మనిషి చాలా ఇళ్లలో ఓ నవలా నాయికే.

అయితే ఈ నవలల్లో రెండు లోపాలు లేకపోలేదు. ఒకటి, కథ సాధారణంగా పెళ్లితో ఆగిపోతుంది. ఆ పైన ఆ పౌరుషం ఏమైందో చెప్పరు. అసలు రుద్రమ జీవితం అలా ఆగలేదు. చాళుక్య వీరభద్రుణ్ణి పెళ్లాడింది, ముగ్గురు కూతుళ్లని కన్నది, సొంత సామంతుల తిరుగుబాట్లని ఎదుర్కొంది. మార్కోపోలో ఆమె పాలనని మెచ్చుకున్నాడు కానీ, ఆమెని చనిపోయిన రాజుగారి భార్యగా రాసుకున్నాడు. నిజానికి ఆమె గణపతిదేవుడి కూతురు. నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నాటి శాసనం ఆమె, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరినట్టు చెప్తుంది. అంబదేవుడితో జరిగిన యుద్ధంలోనే ఇద్దరూ మరణించారని చరిత్రకారుల అంచనా. బాపిరాజు రాసేనాటికి ఆ శాసనం వెలుగులోకి రాలేదు. ముసలితనంలోనూ యుద్ధరంగానికి వెళ్లిన రాణి కథ ఏ ప్రేమకథకీ తీసిపోదు.

రెండోది ఇంకా పెద్దది. నవలల్లో పౌరుషం కోటలోనే పుడుతుంది. రాకుమారికి అభిమానం ఉంటుంది. చెలికత్తెకి ఉండదు. ఆమె పని ఉత్తరాలు మోయడం, చాటున నిలబడి నవ్వడం. మరి కోటలే లేని చోట?

లంబసింగికి రండి. డిసెంబరు, జనవరి వచ్చిందంటే అర్ధరాత్రి నుంచే కార్లు బారులు తీరతాయి. చెరువులవేనం మీద నుంచి మంచు సముద్రం చూడాలని అందరి ఆరాటం. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వెళ్లే ఘాట్ దారికి ఓ కథ ఉంది. వందేళ్ల కిందట గూడెం అధికారి బాస్టియన్ మన్యం జనంతో అరకొర కూలికి బలవంతంగా రోడ్డు పని చేయించాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడటానికి వెనకున్న కడుపుమంటల్లో అదొకటి.

ఆ కథని 1974లో కృష్ణ సినిమాగా తీశారు. చింతపల్లి అడవుల్లోనే చాలా భాగం షూటింగ్. విజయనిర్మల సీత పాత్ర వేశారు. రామరాజు పేరు ముందు ‘సీత’ చేరింది ఆ ప్రేమ వల్లేనని జనం చెప్పుకునే కథ. దానికి ఆధారాలు లేవని చరిత్రకారులంటారు. ఆధారాలు లేకపోయినా జనానికి ఆమె కావలసివచ్చింది. వీరుడి కథలో ఓ నాయిక లేకపోతే మనసొప్పలేదు. చిత్రమేమిటంటే, ఆ నాయికని వెతుక్కోవడానికి మైదానం వైపు చూశాం. పక్కనే కొండమీద ఉన్నవాళ్లు కంటికి ఆనలేదు.

ఈ కొండల్లోని బగతలు, కొండదొరలు, కోదుల్లో పెళ్లికి అబ్బాయివైపు వాళ్లే ఓలి ఇచ్చుకోవడం పాత ఆచారం. నచ్చినవాడితో పిల్ల వెళ్లిపోతే, తర్వాత పెద్దలు కూర్చుని ఓలి తేల్చడం కూడా పెళ్లే. కాపురం పొసగకపోతే ఓలి తిరిగిచ్చి బయటపడొచ్చు, మళ్లీ మనువాడొచ్చు. ఓలి కూడా ఆడదానికి కట్టిన ధరేనన్న విమర్శ ఉంది, అందులో నిజమూ ఉంది. పేదరికం, చాకిరీ వాళ్లకి తప్పలేదు. అయినా మన రాకుమారి మూడొందల పేజీలు పోరాడి సంపాదించిన ‘వద్దు’ అనే మాట, ఇక్కడ పోడు కొట్టుకునే ఆడమనిషికి ఆచారంలోనే కొంత ఉంది. ఏ ఆస్థాన కవీ రాయలేదు కాబట్టి అది పౌరుషంగా లెక్కకి రాలేదు.

కాబట్టి ఓ మాట. మీ ఇంట్లో అమ్మాయి పాత నవల పట్టుకుని కూర్చుంటే ‘ఏం కాలక్షేపం’ అని విసుక్కోకండి. నాయిక ఎవరిని ప్రేమించిందని కాదు, దేన్ని కాదందో అడగండి. జవాబు ఆమె తన గురించి చెప్పినట్టే ఉంటుంది, కాస్త శ్రద్ధగా వినండి. ఈ శీతాకాలం మంచు చూడటానికి లంబసింగి వెళితే, చలిమంట దగ్గర టీ గ్లాసు అందించే ఆవిడని మీ నాయనమ్మల కాలంలో పెళ్లిళ్లు ఎలా జరిగేవమ్మా అని మర్యాదగా పలకరించండి. ఆవిడకి చెప్పాలనిపిస్తే, ఇంకా ఎవరూ రాయని చారిత్రక నవల ఒకటి మీ చెవిన పడుతుంది.