సర్కారు భూమిలో సామాన్యుడి వాటా ఎంత?

2023 ఆగస్టులో హైదరాబాద్ శివారు కోకాపేట నియోపోలిస్‌లో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వేసిన వేలంలో ఎకరం అత్యధికంగా 100 కోట్ల 75 లక్షల రూపాయలు పలికింది. అంటే గజం రెండు లక్షల ఎనిమిది వేలు. జీఎస్టీ తగ్గింపు కోసం కేంద్రం అందుబాటు ధర ఇంటికి పెట్టిన పరిమితి 45 లక్షలు. ఆ సొమ్మంతా పోసినా అక్కడ వచ్చేది 21 గజాల జాగా. ఎన్ని అంతస్తులకు పంచినా ఆ భారం ఫ్లాటు ధరలోకే చేరుతుంది. అంత పెట్టి కొన్న బిల్డరు చిన్న ఇళ్లు కట్టడు. అక్కడ లేస్తున్నవి ఎక్కువగా మూడు, నాలుగు పడకగదుల ఫ్లాట్లే.

ఇళ్ల ధరల మాట ఎత్తగానే నిబంధనలు సడలించండి, ఇళ్లు పెరిగితే ధరలు వాటంతటవే దిగుతాయి అంటారు బిల్డర్లు. హైదరాబాద్‌లో ఆ సడలింపు ఎప్పుడో జరిగింది. స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలన్న ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని 2006లో జీవో 86తో తొలగించారు. రోడ్డు వెడల్పు ఉండి, చుట్టూ సెట్‌బ్యాక్ వదిలితే ఎత్తుకు కట్టుకోవచ్చు. ముంబై, బెంగళూరు, చెన్నైలలో ఇంత వెసులుబాటు లేదు. ముంబైతో పోలిస్తే ఇక్కడ ఫ్లాట్ల ధరలు చాలాకాలం తక్కువగా ఉండటానికి అదొక కారణం కూడా. కాబట్టి టవర్లు ఆపేయాలనే వారితో మేం ఏకీభవించం. కట్టడం ఆగితే ముందుగా దెబ్బతినేది అద్దెకుండేవారే. అయితే ఎంతయినా కట్టుకోవచ్చన్న అనుమతి విలువ క్రమంగా భూమి ధరలో కలిసిపోయింది. ఆ లాభం స్థలం అమ్మినవారికి దక్కింది తప్ప ఇల్లు కొనేవారికి కాదు. కోకాపేట, రాయదుర్గం వంటి చోట్ల ఆ అమ్మకందారు ప్రభుత్వమే.

గృహనిర్మాణ మండలి (హౌసింగ్ బోర్డు) తీరు చూస్తే మరింత బాధ కలుగుతుంది. 1908 మూసీ వరదల తర్వాత, 1912లో ఈ నగరం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును ఏర్పాటు చేసుకుంది. ఇరుకు బస్తీలను బాగుచేసి సామాన్యులకు ఇళ్లు కట్టించడం ఆ బోర్డు పని. తర్వాత హౌసింగ్ బోర్డు ఆ పని కొనసాగించింది. కూకట్‌పల్లిలో కేపీహెచ్‌బీ కాలనీ అలా వచ్చిందే. ఎల్‌ఐజీ, ఎంఐజీ (అల్ప, మధ్య ఆదాయ వర్గాల) ఇళ్లలో గుమస్తాలు, ఫ్యాక్టరీ కార్మికులు, చిన్న ఉద్యోగులు వాయిదాల మీద సొంతింటివారయ్యారు. అదే కాలనీలో 7.8 ఎకరాలను 2025లో అదే బోర్డు ఎకరం 70 కోట్ల చొప్పున వేలంలో అమ్మేసింది. మెట్రోకు దగ్గరి జాగా అది. వందలాది చిన్న కుటుంబాలకు చోటివ్వగల స్థలం. పేదలకు, మధ్యతరగతికి ఇళ్లు కట్టడానికి పుట్టిన సంస్థ భూముల వ్యాపారిగా మారడం తప్పు.

వేలం సొమ్ము సంక్షేమానికే కదా అని పాలకులంటారు. ఆ సొమ్ము ఒక్కసారే వస్తుంది, ఒక్క బడ్జెట్‌లో కరిగిపోతుంది. వేలంలో పలికిన ధర మాత్రం అక్కడితో ఆగదు. చుట్టుపక్కల ప్రతి స్థలం యజమానీ దాన్నే చూపించి రేటు చెబుతాడు. సర్కారే ధర పెంచి, ఆ తర్వాత పేదల ఇళ్లకు జాగా దొరకడం లేదని ఊరి చివరికి పోతోంది.

కొల్లూరే అందుకు సాక్ష్యం. ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర 15,660 డబుల్ బెడ్రూం ఇళ్లు కట్టి 2023 జూన్‌లో ప్రారంభించారు. కట్టడాన్ని మేం తప్పు పట్టం. కానీ అక్కడికి మెట్రో లేదు. జూబ్లీహిల్స్ ఇళ్లలో పాచిపని చేసే మనిషికి కొల్లూరులో ఇల్లిస్తే, ఆమె పని వదులుకోవాలి లేదా ఇల్లు వదులుకోవాలి. బోరబండ, రహమత్‌నగర్ గల్లీల్లో ఒకే గదికి అద్దె కడుతూ కుటుంబాలు ఉండిపోతున్నది పని దగ్గర ఉంటుందనే.

ఇళ్ల కొరత పేరుతో, జలాశయాల రక్షణకు నిర్మాణాలను కట్టడి చేసిన జీవో 111 పరిధిలోని 84 గ్రామాలను తెరవాలన్న వాదనకూ మేం వ్యతిరేకం. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాలు కట్టింది 1908 నాటి వరద మళ్లీ రాకూడదనే. వాటి పరీవాహకాన్ని కాంక్రీటుతో నింపితే వచ్చేవి విల్లాలే గానీ వాచ్‌మన్‌కు ఇల్లు కాదు.

హెచ్‌ఎండీఏ, హౌసింగ్ బోర్డుల వేలాలను ప్రభుత్వం తక్షణం నిలిపివేయాలి. మెట్రో స్టేషన్లకు, ఐటీ కారిడార్‌కు దగ్గర మిగిలిన ప్రతి సర్కారు ఎకరం లెక్కనూ ప్రజల ముందు పెట్టాలి. ఆ జాగాలో సగానికి తగ్గకుండా చిన్న ఇళ్లకు, అద్దె ఇళ్లకు, పనిచేసే మహిళల హాస్టళ్లకు చట్టబద్ధంగా కేటాయించాలి. భూమి యాజమాన్యం ప్రభుత్వం వద్దే ఉంచుకుని దీర్ఘకాలిక లీజుకివ్వాలి. వచ్చే శాసనసభ సమావేశాల్లోనే ఇందుకు బిల్లు తేవాలి. అప్పటిదాకా ఒక్క గజం కూడా వేలానికి పెట్టకూడదు.